వాకిట్లో ఇంజిన్ ఆయిల్ మరకలు: కడిగితే పోవు, పీల్చి తీయాలి

బెంగళూరు రామమూర్తినగర్‌లో 30-40 అడుగుల సైటులో కట్టిన ఇల్లు మాది. గేటుకూ మెట్లకూ మధ్య కారు పట్టేంత జాగాలో కాంక్రీటు పోయించాము. మాకు వాకిలీ అదే, పార్కింగూ అదే. అత్తయ్య పొద్దున్నే ముగ్గు వేసేదీ అక్కడే. అందుకే ఆ కాంక్రీటు మీద అరచేయంత నల్ల మరక కనిపించిన రోజు ఇంట్లో అందరికీ మనసు చివుక్కుమంది. దాన్ని పూర్తిగా వదిలించడానికి ఒక వేసవి పట్టింది. అన్ని రోజులు పట్టడానికి కారణం మరక కాదు, నేను మొదట చేసిన పనులు. మీరు అవి చేయకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

కాంక్రీటు చూడటానికి రాయిలా ఉన్నా లోపలంతా సన్నని రంధ్రాలే. సిమెంటు కలిపినప్పుడు ఎక్కువైన నీరు ఆరిపోతూ వదిలిన దారులవి. దీపంలో వత్తి నూనెను ఎలా లాక్కుంటుందో, ఈ రంధ్రాలూ నూనెను అలాగే లోపలికి లాక్కుంటాయి. పైన ఎంత రుద్దినా లోపలికి దిగిన నూనె రాదు. దాన్ని మళ్లీ పైకి రప్పించాలంటే ఈ రంధ్రాలకన్నా బాగా పీల్చేది ఏదైనా దాని మీద పెట్టాలి. కింద చెప్పిన చాలా పరిష్కారాలకు ఆధారం ఇదే.

మరక తీసిన చోటే మళ్లీ చుక్కలు పడుతున్నాయి

కారణం కారులో ఉంది. ముందు అది తేల్చుకోకుండా నేల మీద చేసే పనంతా వృథా. రాత్రి కారు నిలిపాక ఇంజిను కింద తెల్లటి అట్టముక్క పరచండి. పొద్దున దాని మీద చుక్క ఎక్కడ పడింది, ఏ రంగులో ఉంది అన్నవి చూడండి. నల్లగా, ముదురు గోధుమ రంగులో జిడ్డుగా ఉంటే ఇంజిన్ ఆయిల్. ఎర్రగా ఉంటే చాలావరకు గేరుబాక్సుదో పవర్ స్టీరింగుదో. పచ్చగానో గులాబీ రంగులోనో ఉండి, జిడ్డు లేకుండా తీపి వాసన వస్తే అది ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంటు. రంగూ వాసనా లేని నీళ్లైతే ఏసీ నుంచి కారినవి, దిగులు అక్కర్లేదు.

రెండు విషయాల్లో మాత్రం ఆలస్యం వద్దు. చక్రం పక్కన లేత పసుపు రంగులో జారుడుగా ఏదైనా కనబడితే అది బ్రేకు ఆయిల్ కావచ్చు. అలాంటప్పుడు ఆ కారును నడపకుండా మెకానిక్‌నే ఇంటికి పిలవండి. కూలెంటు ఒలికితే వెంటనే తుడిచేయండి. అందులో సాధారణంగా ఉండే ఇథిలీన్ గ్లైకాల్ విషం. తియ్యగా ఉంటుంది కాబట్టి వీధి కుక్కలు నాకుతాయి. ఈ రెండూ నీటిలో కలిసిపోయేవే కనుక తుడిచాక సబ్బునీళ్లతో మరక పోతుంది.

మా కారు సంగతి తేల్చింది మదనపల్లె నుంచి వచ్చి మా వీధి చివర షెడ్డు నడుపుతున్న మెకానిక్. కింద పడుకుని టార్చి వేసి చూసి, "అక్కా, మొన్న సర్వీసులో ఆయిల్ మార్చినప్పుడు డ్రెయిన్ ప్లగ్గు వాషరు మార్చలేదు, పాతదే బిగించారు" అన్నాడు. కొత్త వాషరు వేయగానే చుక్కలు ఆగిపోయాయి. ఇది కాకపోతే ఆయిల్ ఫిల్టరు సరిగ్గా బిగియకపోవడం, వాల్వు కవరు గాస్కెట్టు ఎండి పగలడం, ఆయిల్ సంపు గాస్కెట్టు పాడవడం మామూలుగా కనిపించే కారణాలు.

నూనె ఇప్పుడే ఒలికింది, ఇంకా తడిగా మెరుస్తోంది

అందరూ ముందుగా చేసే పని బకెట్టెడు నీళ్లు కుమ్మరించడం. దయచేసి ఆగండి. నూనె నీటి మీద తేలి, నీరు పారిన చోటికల్లా పాకుతుంది. అరచేయంత మరక చాపంత అవుతుంది. చీపురుతో తుడవడమూ వద్దు. పాత నూలు గుడ్డతో అద్దండి, రుద్దకండి. తర్వాత రంపపు పొట్టో, పొడి ఇసుకో, సిమెంటు పొడో, ఏది దొరికితే అది మందంగా చల్లి, చెప్పు కాలితో మెల్లగా నొక్కి, రాత్రంతా వదిలేయండి. పొద్దున ఊడ్చి, ఇంకా జిడ్డు ఉంటే మరోసారి చల్లండి. మొదటి రోజే ఇది చేస్తే చాలాసార్లు మిగతా తంటా ఉండదు.

సబ్బు వేసి రుద్దాను, మరక పలచబడింది గానీ పోలేదు

దీనికి రెండు కారణాలు ఉండవచ్చు. ఒకటి మన బోరు నీళ్లు. బెంగళూరులో చాలా బోర్ల నీటిలో సున్నపు లవణాలు ఎక్కువ. మామూలు సబ్బు వాటితో కలిసి తెట్టు కడుతుందే తప్ప నూనెను పట్టుకోదు. రెండోది, రుద్దిన వెంటనే కడిగేయడం. సబ్బుకు నూనెను విడదీసే సమయం ఇవ్వాలి.

చాకలి సోడా వాడండి. కిరాణా కొట్లో దొరుకుతుంది, వంటసోడా కాదు. లీటరు వేడినీళ్లలో మూడు పెద్ద చెంచాలు కరిగిస్తే ముందు నీటి కాఠిన్యం తగ్గుతుంది. అందులో అంట్లు తోమే ద్రవం కొంచెం కలిపి మరక మీద పోసి, పావుగంట నాననిచ్చి, గట్టి నైలాన్ బ్రష్షుతో రుద్దండి. చేతులకు తొడుగులు తప్పనిసరి, సోడా చర్మాన్ని కొరుకుతుంది. మురికి నురగను గుడ్డతోనో పొడి ఇసుకతోనో ఎత్తేయండి. కాలువలోకి తోసేయకండి. ఈ ఊళ్లో వీధి కాలువ రాజకాలువలో, అంటే పెద్ద వాననీటి కాలువలో కలుస్తుంది, రాజకాలువ చెరువులో కలుస్తుంది. 2015లో బెళ్లందూరు చెరువు నురగకు నిప్పంటుకోవడం ఈ ఊరంతా చూసింది. పైపు పెట్టి గంటసేపు కడగడం కూడా వద్దు. 2024 మార్చిలో నీటి కరువు వచ్చినప్పుడు, తాగునీటితో వాహనాలు కడిగితే 5,000 రూపాయల జరిమానా అని జలమండలి ప్రకటించింది. ఈ పనికి రెండు బకెట్లు చాలు.

దీపపు నూనె, వంటనూనె ఒలికిన మరకలు ఈ దశలోనే పూర్తిగా పోవచ్చు. అవి సోడాతో కలిసి కొంతవరకు సబ్బుగా మారిపోతాయి. ఇంజిన్ ఆయిల్ ఖనిజ నూనె, అది సబ్బుగా మారదు. అందుకే మొండికేస్తుంది.

కడిగిన రోజు పోయింది, రెండు రోజులకు నల్లగా మళ్లీ తేలింది

నన్ను ఎక్కువగా ఏడిపించింది ఇదే. తడిసిన కాంక్రీటు అంతా ఒకే ముదురు రంగులో ఉంటుంది కనుక మరక పోయిందనిపిస్తుంది. ఆరాక తెలుస్తుంది. పైపొర శుభ్రమైనా అడుగున నిలిచిన నూనె మెల్లగా మళ్లీ పైకి పాకుతుంది.

దారి చూపింది అత్తయ్య ముగ్గే. ఒకరోజు మరక అంచు మీదుగా ముగ్గు కర్ర ఒకటి లాగారు. మర్నాడు చూస్తే మిగతా ముగ్గంతా తెల్లగా ఉంది, మరక మీది నాలుగు వేళ్ల మేర గీత మాత్రం టీ రంగుకు తిరిగింది. పిండిని గోటితో గీకి చూశాను. పైన పొడిగా, అడుగున జిడ్డుగా ఉంది. "చూడమ్మా, పిండి నూనెను తాగేసింది" అన్నారు అత్తయ్య. తలనొప్పికి శొంఠి పట్టు వేసినట్టు నేలకూ పట్టు వేయాలని అప్పుడు అర్థమైంది.

పట్టు ఇలా వేయాలి. ముగ్గుపిండి, సుద్దపొడి, ముల్తానీ మట్టి, వీటిలో ఏదైనా సరే. పెయింటు కొట్లో అమ్మే మినరల్ టర్పెంటైన్ పోస్తూ గారెల పిండంత గట్టిగా కలపండి. జారుగా ఉంటే నూనె పైకి రాకపోగా టర్పెంటైనే కిందికి దిగుతుంది. మరక దాటి రెండు వేళ్ల వెడల్పు వచ్చేలా, చిటికెన వేలు మందాన తాపీతో పరచండి. పైన ప్లాస్టిక్ కాగితం కప్పి అంచులు టేపుతో అంటించి ఒక రోజు ఉంచండి. ఈ సమయంలో టర్పెంటైన్ లోపలికి వెళ్లి గట్టిపడిన నూనెను పలచబరుస్తుంది. మర్నాడు ప్లాస్టిక్ తీసేయండి. పట్టు ఆరుతూ, కరిగిన నూనెతో సహా ఆ తడిని పైకి లాగుతుంది. అసలు పని ఈ ఆరడంలోనే జరుగుతుంది కాబట్టి తొందరపడి గీకకండి. పూర్తిగా పొడిబారి పెళుసెక్కాక పుట్టీ పట్టే రేకుతో ఎత్తేసి, సోడా నీళ్లతో ఒకసారి కడగండి.

మాకు మూడు పట్లు పట్టాయి. మొదటిది ముదురు గోధుమ రంగులో లేచింది, రెండోది లేత టీ రంగులో, మూడోది దాదాపు తెల్లగా. పట్టు రంగు చూస్తే లోపల ఇంకా ఎంత మిగిలిందో తెలిసిపోతుంది. ఫిబ్రవరి, మార్చి నెలలు దీనికి అనువైనవి. జూన్ తర్వాత వానల్లో పట్టు ఆరదు.

టర్పెంటైన్ నిప్పంటుకునేది. కారును బయట పెట్టి, దీపం, అగరువత్తి, సిగరెట్టు ఏవీ దగ్గర లేకుండా, గాలి ఆడేలా గేటు తెరిచి పని చేయండి. నూనె పట్టిన పిండిని, గుడ్డలను ఇంట్లో మూలన కుప్ప వేయకండి, కాల్చకండి. వాడేసిన ఇంజిన్ ఆయిల్ మన దేశ నిబంధనల ప్రకారం ప్రమాదకర వ్యర్థం. మూత గట్టిగా పట్టే డబ్బాలో వేసి, పాత ఆయిల్‌ను రీసైక్లింగుకు పంపే గ్యారేజీని అడిగి అక్కడ ఇవ్వండి.

పెట్రోలు మాత్రం వద్దు. చిన్న నిప్పురవ్వ చాలు ప్రాణం మీదికి రావడానికి. పైగా పట్టు లేకుండా పోస్తే నూనెను పలచన చేసి ఇంకా లోతుకు దించుతుంది.

యాసిడ్ పోశాను, మరక అలాగే ఉంది, చుట్టూ నేల గరుకైంది

యాసిడ్ నూనెను కరిగించదు, సిమెంటులోని సున్నాన్ని తింటుంది. పోయగానే బుసబుస పొంగడం చూసి మరక కరుగుతోందనుకుంటాము. కరిగేది నేల. గరుకైన నేల తర్వాత పడే నూనెను ఇంకా త్వరగా తాగుతుంది. ఇప్పటికే పోసి ఉంటే పుష్కలంగా నీళ్లతో, తర్వాత సోడా నీళ్లతో కడిగి, ఆరాక పట్టు వేయండి. మరక ఇంకా పోలేదని దాని మీద బ్లీచింగ్ పౌడరు చల్లడం అన్నిటికన్నా ప్రమాదం. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది, ఊపిరి ఆడదు. షాబాదు బండలు పరిచిన వాకిలైతే యాసిడ్ ఆలోచనే వద్దు, అది సున్నపురాయి.

నూనె పోయింది, ఎర్రటి చుక్కలు మిగిలాయి

ఇనుప తీగల బ్రష్షు వాడి ఉంటారు. విరిగిన తీగ ముక్కలు నేలలో ఇరుక్కుని తుప్పు పడతాయి. నైలాన్ బ్రష్షే వాడండి.

పూర్తిగా పోయిందో లేదో ఎలా తెలుసుకోవాలి

నేల బాగా ఆరాక మరక ఉన్న చోట ఒక నీటి చుక్క వేయండి. చుక్క ఇంకి నేల ముదురు రంగుకు తిరిగితే నూనె లేదు. తామరాకు మీద బొట్టులా నిలిస్తే ఇంకా ఉంది, మరో పట్టు వేయాలి. ఈ పరీక్ష నెగ్గకుండా సీలరు (తడి ఇంకకుండా నేలకు వేసే పూత) కొట్టించకండి, నూనె లోపలే బందీ అయి మరక శాశ్వతమవుతుంది. నెగ్గాక నాలుగైదు రోజులు ఎండనిచ్చి, కాంక్రీటులోకి ఇంకే రకం సిలేన్-సిలాక్సేన్ సీలరు వేయించండి. పైన పొరలా నిలిచే రకం వానలో జారుతుంది, ఇంట్లో పెద్దవాళ్లుంటే మంచిది కాదు. సీలరు ఆరాక అదే చోట మళ్లీ నీటి చుక్క వేసి చూడండి. ఈసారి అది ఇంకకుండా బొట్టులా నిలవాలి. అలా నిలిస్తే ఇకపై పడే నూనె లోపలికి అంత త్వరగా దిగదు, కనబడిన రోజే గుడ్డతో అద్ది తీసేయవచ్చు.