నల్ల కుక్క ఫొటో బొగ్గుముద్దలా వస్తుంటే: నా అనుభవం

మా రాజు నల్ల లాబ్రడార్. ఎలా తీసినా కళ్ళు, మూతి కలిసిపోయి ముద్దలా వచ్చేది. ఫ్లాష్, నడినెత్తిన ఎండ, ఎడిటింగు, ఏదీ కుదరలేదు.

చివరికి పొద్దున 8 గంటలకు, ఎండ నేరుగా పడని కిటికీ పక్కన కూర్చోబెట్టి, వెనక బూడిదరంగు దుప్పటి కట్టాను. నేలమీద బోర్లా పడుకుని ఫోన్ వాడి కళ్ళ ఎత్తులో పట్టుకున్నాను. తెరమీద కన్ను దగ్గర నొక్కి, వెలుతురు కొంచెం పెంచాను. మా అమ్మాయి బిస్కెట్ పొట్లం గలగలలాడించగానే తల తిప్పాడు. కంటిలో కిటికీ చిన్న తెల్లచుక్కలా మెరిసింది. ఆ చుక్కతోనే బొమ్మకి ప్రాణమొచ్చింది!

ఫ్రేములో అద్దానికి ఫొటో అంటుకోకుండా మధ్యలో, ఫొటో చుట్టూ అంచులా తెల్ల అట్ట పెట్టించి, కిటికీకి ఎదురుగోడ వదిలేసి పక్కగోడకి తగిలించాను. ఇప్పుడు అద్దంలో కిటికీ కాదు, రాజే కనపడతాడు.

తెల్ల కుక్కలకి నేను ఇలా తీసి చూడలేదు. బహుశా వెలుతురు తగ్గించాల్సి రావచ్చు.