రెండు ఊళ్ల సంసారంలో ఖర్చులు పంచుకోవడం ఎలా?

భార్య తిరుపతిలో, భర్త బెంగళూరులోనో చెన్నైలోనో ఉద్యోగం చేస్తూ, వారానికో పక్షానికో ఒకసారి కలుసుకునే కుటుంబాలు ఉమ్మడి చిత్తూరు జిల్లాలో చాలానే ఉన్నాయి. ఇటువంటి సంసారంలో ఇంటి బాడుగలు రెండు, కరెంటు బిల్లులు రెండు, పొయ్యిలు రెండు. దారిఖర్చులు వీటికి అదనం. చెరి సగం అనుకుంటే లెక్క సులువే గాని, జీతం తక్కువ ఉన్నవారి చేతిలో నెలాఖరుకు ఏమీ మిగలదు. ఎవరి ఊరి ఖర్చు వారిదే అనుకోవడం అంతకన్నా అన్యాయం, ఎందుకంటే పిల్లలూ పెద్దవాళ్లూ ఏ ఊళ్లో ఉంటే ఆ ఊళ్లో ఉన్న మనిషి మీదే భారమంతా పడుతుంది.

అందువల్ల వాటాలు తేల్చడానికి ముందే ఏది ఉమ్మడి ఖర్చు, ఏది సొంత ఖర్చు అన్నది ఇద్దరూ కూర్చుని రాసుకోవాలి. పిల్లలు పెరుగుతున్న ఇల్లు, దూరంగా ఉన్నవారు సెలవు దొరికితే తిరిగివచ్చే ఇల్లు ఉమ్మడి ఇల్లే. అక్కడ రోజూ ఉంటున్నది ఒక్కరే అయినా దాని బాడుగ, సరుకులు, పాలు, గ్యాసు బండ అన్నీ ఉమ్మడి పద్దులోకే రావాలి. ఉద్యోగం కోసం రెండో ఊళ్లో తీసుకున్న గదిని మాత్రం ఆ జీతం సంపాదించడానికి తప్పని ఖర్చుగా చూసి, జీతంలోంచి ముందే తీసివేయాలి. ఈ తీసివేతకు ఇద్దరూ ఒప్పుకున్న హద్దు ఒకటి ఉండాలి. హద్దు దాటి పెద్ద ఫ్లాటు కావాలనుకుంటే ఆ పైసొమ్ము వారి సొంత జేబులోంచి పోవలసిందే.

ఒక ఉదాహరణ చూద్దాం. చేతికి వచ్చే జీతం ఆయనకు 72,000 రూపాయలు, ఆమెకు 38,000 అనుకుందాం. బెంగళూరు గది బాడుగ, భోజనం, ఆఫీసు రాకపోకలకు 24,000 తీసివేస్తే ఆయనకు 48,000 మిగులుతుంది. పెట్రోలు, మధ్యాహ్న భోజనం వంటి ఉద్యోగపు ఖర్చులకు 6,000 తీసివేస్తే ఆమెకు 32,000 మిగులుతుంది. అంటే నిష్పత్తి మూడుకు రెండు. తిరుపతి ఇంటి ఉమ్మడి ఖర్చు నెలకు 45,000 అయితే ఆయన 27,000, ఆమె 18,000 వేసుకోవాలి. అప్పుడు ఆయన దగ్గర 21,000, ఆమె దగ్గర 14,000 నిలుస్తాయి. అదే ఖర్చును చెరి సగం చేస్తే ఆయనకు 25,500 మిగిలి, ఆమెకు 9,500 మాత్రమే మిగిలేది. బడి ఫీజు, బీమా, పండుగ బట్టలు వంటి ఏడాది ఖర్చులను పన్నెండుతో భాగించి నెలవారీ లెక్కలో కలపకపోతే, బళ్లు తెరిచే జూన్‌లో ఈ లెక్క మొత్తం తలకిందులవుతుంది.

తిరుపతిలో కాపురమున్నవారు ప్రత్యేకంగా రాసుకోవలసిన పద్దు ఇంకొకటి ఉంది: దర్శనానికి వచ్చే చుట్టాలు. రెండు వైపుల బంధువులూ ఈ ఇంట్లోనే దిగుతారు. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు ముందుగా ఆన్‌లైన్‌లో తీసిపెట్టమని అడిగేది ఇంట్లో ఉన్న మనిషినే. అలిపిరి దాకా ఆటో, తెల్లవారుజామున కాఫీలు, కొండ దిగి వచ్చాక భోజనాలు అన్నీ ఆమె ఫోన్‌పే నుంచే పోతాయి. బ్రహ్మోత్సవాల రోజుల్లో ఈ ఖర్చు ఇంకా పెరుగుతుంది. చుట్టాల దగ్గర డబ్బు అడగలేము, అడగకూడదు కూడా. కాని వచ్చినవారు మీ తరఫా, మా తరఫా అని చూడకుండా ఆ ఖర్చును ఉమ్మడి పద్దులో వేసుకోవడం భార్యాభర్తల చేతిలో ఉన్న పనే. పెళ్లిళ్లకు రాయించే చదివింపులూ ఈ కోవలోవే.

దారిఖర్చు ప్రయాణం చేసినవారిది కాదు, ఇద్దరిదీ. రాష్ట్రంలో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవారికి ఉచిత ప్రయాణం ఉంది కనుక, ఒకరు చిత్తూరులో, ఒకరు తిరుపతిలో ఉంటే ఆమె వెళ్లిరావడానికి టికెట్టు ఖర్చు లేదు. అలాగని ప్రతిసారీ ఆమెనే ప్రయాణం చేయమనడం సరికాదు, ఎందుకంటే అలసటకు రాయితీ లేదు. బెంగళూరు, చెన్నైల వంటి అంతర్రాష్ట్ర సర్వీసులకు ఈ ఉచితం వర్తించదు కాబట్టి ఆ ఛార్జీలను ముందే లెక్కలోకి తీసుకోవాలి.

పెద్దవాళ్లను ఆసుపత్రికి తీసుకెళ్లడం, బడిలో సమావేశాలకు హాజరుకావడం, ఇంటి యజమానితో మాట్లాడటం కూడా ఇంట్లో ఉన్నవారి వంతే అవుతుంది. ఆ శ్రమకు రూపాయల్లో వెల కట్టమని నేను చెప్పను. అయితే ఆ బరువు తగ్గించడానికి పనిమనిషిని పెట్టుకుంటే, ఆమె జీతం నిస్సందేహంగా ఉమ్మడి ఖర్చే.

జీతాలు పడిన వారంలోనే ఇద్దరూ తమ వాటాలను ఒకే ఖాతాలో వేసి, ఇంటి ఖర్చంతా అందులోంచే చేస్తే ఎవరు ఎవరికి బాకీ అన్న ప్రశ్న రాదు. వాటా పోగా మిగిలిన సొమ్ముకు ఎవరూ ఎవరికీ లెక్క చెప్పనక్కరలేదు. నెలకొకసారి పద్దులు చూసుకోండి. ఆదివారం రాత్రి బస్సుకు బయలుదేరే ముందు మాత్రం వద్దు, మామూలు రోజున ఫోన్లో అరగంట చాలు.

బంగారం సంగతి వేరు. స్త్రీధనం చట్టప్రకారం పూర్తిగా ఆమెదే. ఇంటి అడ్వాన్సు కోసమో ఫీజు కోసమో నగలు తాకట్టు పెడితే, ఉమ్మడి ఖాతా ఆమెకు పడ్డ అప్పుగా దాన్ని రాసుకుని, వడ్డీతో సహా విడిపించే బాధ్యత ఇద్దరూ తీసుకోవాలి. పన్ను విషయంలో ఒక జాగ్రత్త: భర్త ఇచ్చిన డబ్బుపై భార్య పన్ను కట్టనక్కరలేదు గాని, ఆ డబ్బును ఆమె డిపాజిట్ చేస్తే వచ్చే వడ్డీ భర్త ఆదాయంలోనే చేరుతుంది, భార్య భర్తకు ఇచ్చినా ఇదే వరస.

జీతం పెరిగినా, ఉద్యోగం పోయినా, బిడ్డ పుట్టినా ఆ నెలలోనే నిష్పత్తిని తిరిగి కట్టుకోవాలి. బదిలీ దొరికి ఇద్దరూ ఒకే ఊరికి చేరినప్పుడు, ఖాళీ చేసిన ఉమ్మడి ఇంటి అడ్వాన్సు వెనక్కి వస్తుంది. దాన్ని కట్టిన నాటి నిష్పత్తిలోనే పంచుకోవాలి గనుక, ఆ అంకెలను బాడుగ ఒప్పందపు కాగితం వెనుక ఇప్పుడే రాసి పెట్టుకోండి.