గుడ్డు తెల్లసొనలో ప్రోటీన్ ఎలా కదులుతుందో మన ల్యాప్‌టాప్‌లోనే చూడాలంటే

అమలాపురం, రాజోలు, భీమవరం సైడు డిగ్రీ కాలేజీల్లో కెమిస్ట్రీ, బయోకెమిస్ట్రీ చదివే పిల్లలు సంక్రాంతి సెలవులయ్యి తిరిగొచ్చేసరికి నన్ను అడిగేది ఒకటేనండి, ప్రాజెక్ట్ కావాలి, ల్యాబ్‌లో చూస్తే రంగు చిక్కదనం కొలిచే కలరీమీటర్ తప్ప ఇంకేం లేదు, మాలిక్యూల్స్ మీద ఏం చేస్తాం అని. చెయ్యొచ్చు. 8 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్, ఫోన్ హాట్‌స్పాట్, ఓ పదిరోజుల ఓపిక ఉంటే మాలిక్యులర్ డైనమిక్స్ చెయ్యొచ్చు. అంటే ఏంలేదు, ప్రోటీన్‌లో ఒక్కో ఆటమ్‌ని చుట్టుపక్కల ఆటమ్స్ ఎంత బలంతో లాగుతున్నాయో, ఎంత తోస్తున్నాయో లెక్కగట్టి, న్యూటన్ సూత్రం ప్రకారం దాన్ని పిసరంత జరిపి, మళ్ళీ లెక్కగట్టి మళ్ళీ జరిపి, ఇలా లక్షల సార్లు. సంగతి మొత్తం ఇంతే, మిగతాదంతా ముస్తాబు.

ఇదేదో ఫారిన్ వాళ్ళ విద్య అనుకోకండి. నిజమైన ద్రవం ఎలా ప్రవర్తిస్తుందో ఈ పద్ధతిలో లెక్కగట్టి 1964లో పేపర్ రాసిన అనీసుర్ రెహమాన్ పుట్టింది హైదరాబాద్‌లోనే. అమెరికాలో 864 ఆర్గాన్ ఆటమ్స్‌ని కంప్యూటర్లో కదిలించి చూశారు, ఆయన పనిచేసిన ల్యాబ్ పేరు కూడా ఆర్గాన్ అనే వినపడుద్ది, అది కాకతాళీయం. ప్రోటీన్ మీద మొదటిసారి చేసింది 1977లో, మెకామన్, జెలిన్, కార్‌ప్లస్ ముగ్గురూ కలిసి, చుట్టూ నీళ్ళు నింపకుండానే 9.2 పికోసెకండ్లు నడిపారు, పికోసెకండ్ అంటే సెకండులో లక్ష కోట్లో వంతు. మనం ఇప్పుడు చెయ్యబోయేది దానికి వంద రెట్లు పైనే, అది కూడా నీళ్ళల్లో, మంచం మీద కూర్చుని.

మొదలుపెట్టడానికి లైసోజైమ్ తీసుకోండి. తణుకు వైపు నుంచి ట్రేలు ట్రేలు వచ్చే కోడిగుడ్డు ఉంది కదా, దాని తెల్లసొనలో ఉండే ప్రోటీనే. బాక్టీరియా గోడని కోసేస్తుంది. 1922లో ఫ్లెమింగ్ దీన్ని కనిపెట్టాడు, 1965లో డేవిడ్ ఫిలిప్స్ వాళ్ళు దీన్ని క్రిస్టల్‌గా గడ్డకట్టించి ఎక్స్‌రేలతో ఆకారం తేల్చారు, ఎంజైముల్లో అలా ఆకారం తేలిన మొట్టమొదటిది ఇదే. 129 అమైనో ఆసిడ్లు, నాలుగు డైసల్ఫైడ్ బంధాలు, చిన్నది, మొండిది, తొందరగా చెడదు. కొత్తవాళ్ళు పెద్ద ప్రోటీన్ తీసుకుంటే గొప్పగా ఉంటుందని కేన్సర్‌దో కోవిడ్‌దో పట్టుకుంటారు, పది రోజులకి చేతులెత్తేస్తారు, నా మాట విని గుడ్డుతో మొదలెట్టండి.

సాఫ్ట్‌వేర్ గ్రోమాక్స్. నెదర్లాండ్స్‌లో గ్రోనింగెన్ యూనివర్సిటీలో పుట్టింది, రూపాయి ఖర్చు లేదు. ఉబుంటు లినక్స్ ఉంటే సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ గ్రోమాక్స్ అని కొడితే దిగిపోద్ది, విండోస్ వాళ్ళు దాంట్లోనే లినక్స్ ఆన్ చేసుకుని అదే కమాండ్ కొట్టండి. తర్వాత ప్రోటీన్ డేటా బ్యాంక్ సైట్‌కెళ్ళి 1ఏకేఐ అని వెతికి ఫైల్ దింపుకోండి. 1971 నుంచి ప్రపంచంలో ఎవరు ఏ ప్రోటీన్ ఆకారం తేల్చినా దాచిపెట్టే గాదె అది, ఎవరైనా తీసుకోవచ్చు.

ఆ ఫైల్‌ని మామూలు టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిచి ఒక్కసారి కళ్ళారా చూడండి, ఎవరూ చూడరు, అక్కడే తప్పంతా. ఒక్కో లైనూ ఒక్కో ఆటమ్, పేరు, ఏ అమైనో ఆసిడ్‌లోది, ఎక్స్ వై జెడ్ ఎంత, చివర్లో బీ ఫ్యాక్టర్ అని ఒక నంబర్, ఆ ఆటమ్ క్రిస్టల్‌లో ఎంత అటూఇటూ ఊగుతున్నట్టు కనపడిందో చెప్పేది అదే, దాంతో తర్వాత పనుంది. హైడ్రోజన్లు ఉండవు, ఎందుకంటే ఎక్స్‌రేకి అవి సరిగ్గా ఆనవు. హెచ్ఓహెచ్ అని ఉన్న లైన్లు క్రిస్టల్‌లో ఇరుక్కున్న నీళ్ళు, ఈ ప్రోటీన్‌కి వాటిని తీసేసినా పర్లేదు, కానీ కొన్ని ఎంజైముల్లో ఆ నీళ్ళే పనిచేసే చోట కూర్చుని ఉంటాయి, అక్కడ కళ్ళు మూసుకుని తీసేస్తే కొంప మునుగుద్ది.

ఇక కమాండ్లు. పీడీబీ టూ జీఎంఎక్స్ అనేది హైడ్రోజన్లు పెట్టి ఫోర్స్ ఫీల్డ్ ఏది కావాలో అడుగుద్ది, ఓపీఎల్ఎస్ ఆల్ ఆటమ్ ఎంచుకోండి, నీటికి ఎస్‌పీసీఈ మోడల్. ఫోర్స్ ఫీల్డ్ అంటే మాయ కాదండి, ఆటమ్స్ గోళీలు, బంధాలు స్ప్రింగులు, ఒక్కో గోళీకి కాస్త చార్జ్, ఏ స్ప్రింగ్ ఎంత బిగువు అనే పెద్ద పట్టిక, అంతే. ఎడిట్‌కాన్ఫ్‌తో డబ్బా కట్టండి, ప్రోటీన్‌కీ డబ్బా గోడకీ మధ్య 1 నానోమీటర్ వదలండి. సాల్వేట్‌తో నీళ్ళు నింపితే పదివేల పైచిలుకు నీటి మాలిక్యూల్స్ పడతాయి, అంటే 129 అమైనో ఆసిడ్ల ప్రోటీన్ కోసం మన ల్యాప్‌టాప్ ఎక్కువ టైం లెక్కగట్టేది నీళ్ళనే. దాళ్వాకి కాలవ నీళ్ళు వదిలినట్టే, చేనుకి అందేది కొంచెం, దారిలో తిరిగేది బోలెడు.

లైసోజైమ్‌కి ప్లస్ 8 చార్జ్ ఉంటుంది కాబట్టి జెన్‌అయాన్‌తో 8 క్లోరైడ్లు వేసి సున్నా చెయ్యాలి. ఇక్కడ ఏ గ్రూప్‌లోంచి తీసి అయాన్లు పెట్టమంటావ్ అని అడిగినప్పుడు సాల్వెంట్ అనే చెప్పాలి, తొందర్లో ప్రోటీన్ అని కొట్టారా, మన ప్రోటీన్ ముక్కలు పీకేసి వాటి ప్లేస్‌లో ఉప్పు పెట్టబోద్ది.

ఎనర్జీ మినిమైజేషన్ తర్వాతది. నీళ్ళు నింపినప్పుడు కొన్ని ఆటమ్స్ ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటాయి, బస్సులో సీటు కోసం ఎక్కేసినట్టు, కాస్త సర్దుకోమనాలి. చివర్లో పొటెన్షియల్ ఎనర్జీ పెద్ద మైనస్ నంబర్ రావాలి, అతిపెద్ద బలం 1000 కంటే తగ్గాలి, తగ్గకపోతే ముందుకెళ్ళకండి. ఆ తర్వాత 100 పికోసెకండ్లు టెంపరేచర్ నిలబెట్టడం, 300 కెల్విన్ అంటే మన 27 డిగ్రీలు, తర్వాత ఇంకో 100 పికోసెకండ్లు ప్రెషర్. ప్రెషర్ గ్రాఫ్ చూసి గాభరా పడకండి, వందల బార్లు పైకీ కిందకీ ఎగురుద్ది, ఇంత చిన్న డబ్బాలో అది అలాగే ఉంటుంది, సగటు చూసుకోండి, డెన్సిటీ నిలకడగా ఉందో లేదో చూసుకోండి.

ఇప్పుడు అసలు రన్. ఒక్కో అడుగు 2 ఫెమ్టోసెకండ్లు, ఫెమ్టో అంటే పికోలో వెయ్యో వంతు. ఎందుకంత చిన్నదంటే, హైడ్రోజన్ తన బంధం మీద అటూఇటూ ఊగడానికి 10 ఫెమ్టోసెకండ్లే పడుద్ది, దాని ఊపు కంటే మనం వేసే అడుగు పెద్దదైతే ఆటమ్ వెళ్ళి పక్కదాని నెత్తిన పడి, బలం అమాంతం పెరిగి, సిస్టమ్ మొత్తం పేలిపోద్ది. అందుకే హైడ్రోజన్ బంధాలని ఊగకుండా కట్టేసి మరీ 2 దగ్గర ఆగుతాం. 1 నానోసెకండ్, అంటే వెయ్యి పికోసెకండ్లు, కావాలంటే 5 లక్షల అడుగులు. నా పాత ల్యాప్‌టాప్‌లో దానికి ఎనిమిది గంటలు, అంటే పడుకునే ముందు పెడితే పొద్దున్నకి.

మన ఊళ్ళల్లో పెద్ద తలనొప్పి కరెంటే కదండీ, తుఫాను ముసురు పట్టిందంటే ఎప్పుడు పోద్దో తెలీదు. గ్రోమాక్స్ 15 నిమిషాలకోసారి చెక్‌పాయింట్ ఫైల్ దానంతటదే రాసుకుంటుంది, కరెంట్ వచ్చాక రన్ నడిపే ఎండీరన్ కమాండ్‌కి సీపీఐ అనే ఆప్షన్‌తో ఆ ఫైల్ పేరిస్తే ఆగిన చోటి నుంచే అందుకుంటుంది. మే నెలలో అయితే ఇంకోటి, నాలుగు కొబ్బరి చిప్పలు బోర్లించి వాటి మీద ల్యాప్‌టాప్ పెట్టండి, కింద గాలాడుద్ది, నవ్వకండి, నేను కూలింగ్ ప్యాడ్ కొన్నాక కూడా మళ్ళీ చిప్పలకే వచ్చా.

పొద్దున్నే లేచి విజువల్ మాలిక్యులర్ డైనమిక్స్ అనే బొమ్మల ప్రోగ్రామ్‌లో తెరుస్తారు, అక్కడ గుండె ఆగుద్ది. మొదటిసారి నాకూ అంతే, ప్రోటీన్ రెండు ముక్కలై ఒకటి డబ్బాకి ఎడమ గోడ దగ్గర, ఇంకోటి కుడి గోడ దగ్గర, మధ్యలో పొడుగ్గా గీతలు. ఏదో తప్పు చేశాననుకుని మొత్తం డిలీట్ చేసి మళ్ళీ నడిపా, మళ్ళీ అదే, రెండు రాత్రులు బూడిదలో పోసిన పన్నీరు. తప్పేం లేదని తర్వాత తెలిసింది. మన డబ్బాకి గోడలు లేవు, పాత నోకియా ఫోన్లో పాము ఆట గుర్తుందా, కుడి పక్క దూరితే ఎడమ పక్క తేలుద్ది, ఇదీ అలాగే. ప్రోటీన్ కాస్త అంచుకి జరిగింది, సగం అటు తేలింది, అంతే. ట్రాజ్‌కాన్వ్ కమాండ్‌తో పీబీసీ మోల్, సెంటర్ అని ఇస్తే ముక్కలు అతుక్కుని మధ్యకొస్తాయి. ఇది తెలీక మంచి రన్నులు ఎంతమంది పారేశారో.

ఇక కొలవడం. ఆర్ఎంఎస్‌డీ అంటే మొదటి ఆకారం నుంచి ఎంత జరిగింది అని, ఈ ప్రోటీన్‌కి 0.1 నానోమీటర్ చుట్టుపక్కల నిలబడాలి. రేడియస్ ఆఫ్ జైరేషన్ అంటే ప్రోటీన్ ఎంత ముడుచుకుని ఉందో చెప్పే కొలత, అది 1.4 నానోమీటర్ దగ్గర ఉంటే ఉండలాగే ఉంది, విప్పుకోలేదు. నాకు అన్నిటికంటే ఇష్టమైంది ఆర్ఎంఎస్ఎఫ్, ఏ అమైనో ఆసిడ్ ఎంత ఊగుతోందో విడివిడిగా చెబుద్ది. ఇందాక చెప్పిన బీ ఫ్యాక్టర్ నంబర్లు తీసి దీని పక్కన గ్రాఫ్ గీయండి, స్ప్రింగులా చుట్టుకున్న హెలిక్స్‌లు కదలకుండా, వాటి మధ్య వదులుగా ఉండే లూపులు ఎగురుతూ, రెండు గ్రాఫులూ చాలావరకు ఒకే చోట లేస్తాయి. ఒకటి క్రిస్టల్ మీద ఎక్స్‌రే వేసి కొలిచింది, ఇంకోటి మీ మంచం మీద లెక్కగట్టింది. ప్రాజెక్ట్ రిపోర్ట్‌లో ఈ ఒక్క బొమ్మ చాలు, మిగతా ఇరవై గ్రాఫులు పేజీలు నింపడానికే.

ఇప్పుడు మా మేనల్లుడి కథ చెప్పాలి. డిగ్రీ సెకండియర్, వచ్చి "మావయ్యా, టెంపరేచర్ 373 పెట్టి గుడ్డుని ఉడకబెట్టేద్దాం" అన్నాడు. సరే పెట్టరా అన్నా. 1 నానోసెకండ్ నడిపాడు, ప్రోటీన్ కాస్త ఎక్కువ ఊగింది గానీ ఎక్కడా విప్పుకోలేదు, వాడు రిపోర్ట్‌లో లైసోజైమ్ 100 డిగ్రీల దగ్గర కూడా చెడదు అని రాసేశాడు. ఏరా, వంటింట్లోకెళ్ళి మీ అమ్మనడుగు, గుడ్డు ఉడకదా అన్నా. లెక్క వేసి చూపించా, పొయ్యి మీద గుడ్డు పది నిమిషాలు, నీ ల్యాప్‌టాప్ రోజుకి 3 నానోసెకండ్లు, ఆ పది నిమిషాలు పూర్తవడానికి దగ్గర దగ్గర 55 కోట్ల ఏళ్ళు. కంప్యూటర్ ఎప్పుడూ ఏదో ఒక జవాబు ఇస్తుందండి, తెలీదు అని మాత్రం అనదు. మీరు అడిగిన ప్రశ్న నానోసెకండ్లలో జరిగేదా, మిల్లీసెకండ్లలో జరిగేదా అన్నది రన్ పెట్టకముందే తేల్చుకోవాలి, పెట్టాక తేల్చుకుంటే ఇలాగే ఉంటుంది. లూపులు ఊగడం, అమైనో ఆసిడ్ల పక్క కొమ్మలు (సైడ్ చెయిన్‌లు) తిరగడం, నీటితో హైడ్రోజన్ బంధాలు కలవడం విడిపోవడం, ఇవి అడగండి.

అలాగే లైసోజైమ్ బాక్టీరియా గోడని కోసేటప్పుడు చూద్దాం అని కూడా కొందరంటారు. ఇందులో కనపడదు, మన స్ప్రింగులు సాగుతాయి గానీ తెగవు. తెగడం చూడాలంటే ఆ కాస్త చోట క్వాంటమ్ లెక్క, మిగతా అంతా గోళీల లెక్క పెట్టాలి, అది 1976లో వార్షెల్, లెవిట్ చేసింది కూడా ఈ లైసోజైమ్ మీదే, 2013లో కార్‌ప్లస్‌తో కలిపి ముగ్గురికీ కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది.

మరి వేడికి చెడుద్దో లేదో తేల్చాలంటే? అక్కడే మీరు చిన్నచూపు చూసిన కలరీమీటర్ కావాలి. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఫిస్కేతో కలిసి 1925లో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి ఇచ్చింది ఇలాగే, మాలిక్యూల్ కనపడక్కర్లేదు, నీలం రంగు ఎంత చిక్కగా వచ్చిందో చూస్తే ఎంతుందో తెలుస్తుంది. ఆ దారిలోనే వెళ్ళి మన కణాలకి శక్తినిచ్చే ఏటీపీని పట్టుకున్నారు. మీరేం చేస్తారంటే, తెల్లసొనని బఫర్‌లో బాగా పల్చగా కలిపి, వడకట్టి, ఐదు టెస్ట్ ట్యూబుల్లో పోసి, ఒకటి మామూలుగా ఉంచి మిగతావి 50, 60, 70, 80 డిగ్రీల నీళ్ళల్లో పదేసి నిమిషాలు పెట్టి చల్లార్చండి. మైక్రోకాకస్ అనే బాక్టీరియా సెల్స్ పౌడర్ కొనుక్కోవాలి, అదొక్కటే ఖర్చు. దాన్ని బఫర్‌లో కలిపితే కుడితిలా మబ్బుగా ఉంటుంది, లైసోజైమ్ బతికుంటే గోడలు కోసేసి నీళ్ళు తేటపడతాయి. కలరీమీటర్‌లో 450 నానోమీటర్ దగ్గర, అరనిమిషానికోసారి రీడింగ్ రాసుకోండి, ఎంత తొందరగా తేటపడితే అంత పనిచేస్తున్నట్టు. మా వాడు ఇది చేశాకే రిపోర్ట్‌లో ఆ లైన్ కొట్టేశాడు.

రన్ మాత్రం ఒక్కటి చేసి ఆపకండి, మొదట్లో ఆటమ్స్‌కి ఇచ్చే వేగాలు లాటరీ వేసినట్టు ఇస్తారు కాబట్టి వేరే సీడ్‌తో, అంటే ఆ లాటరీ మొదలెట్టే నంబర్ మార్చి, కనీసం మూడు చెయ్యండి, మూడింట్లో కనపడిందే రాయండి. గ్రోమాక్స్ ఏ వెర్షన్, ఏ ఫోర్స్ ఫీల్డ్, ఏ సీడ్, ఒక కాగితం మీద రాసి ఫైల్‌కి పిన్ చేసుకోండి, వైవాలో బయటి నుంచి వచ్చిన సారు మొదట అడిగేది అదే, పిల్లలు తడబడేదీ అక్కడే.