పచ్చళ్ల పేజీ ఏ వెడల్పులో విరగాలి: మీడియా క్వెరీలు

పచ్చళ్ల కొట్లకి, క్యాటరింగ్ వాళ్లకి వెబ్ పేజీలు చేసిపెట్టడం నా పని. వాటిని చూసేవాళ్లలో ఎక్కువమంది చూసేది ఫోన్లోనే. అందుకే పేజీ ఎలా కనపడాలో చెప్పే సీఎస్ఎస్ ముందు ఫోన్‌కే రాస్తాను, మీడియా క్వెరీ (తెర వెడల్పో ఎత్తో ఇంత ఉంటేనే ఈ మార్పులు చెయ్యి అనే షరతు) ఒక్కటీ లేకుండా: ఫొటో, కింద పేరు, ధర, అన్నీ ఒకే నిలువు వరస. వెడల్పు పెరిగినప్పుడు మారాల్సినవే క్వెరీల్లోకి వెళ్తాయి.

దానికంటే ముందు హెచ్‌టీఎమ్ఎల్ హెడ్‌లో వ్యూపోర్ట్ మెటా ట్యాగ్ (పేజీ వెడల్పు ఎంతనుకోవాలో బ్రౌజర్‌కి చెప్పేది) ఉందో లేదో చూసుకోండి. అందులో విడ్త్ దగ్గర డివైస్-విడ్త్ అని ఉండాలి. అది లేకపోతే ఐఫోన్‌లో సఫారీ మీ పేజీని 980 పిక్సెల్స్ వెడల్పు అనుకుని గీసి, కుదించి చూపిస్తుంది. పెద్ద తెరకని రాసిన క్వెరీ ఫోన్లోనూ పట్టేస్తుంది, మీరేమో లోపం సీఎస్ఎస్‌లో వెతుక్కుంటూ కూర్చుంటారు.

ఇక ఒక వరసని రెండుగా ఏ వెడల్పు దగ్గర విరగ్గొట్టాలి? 768, 1024 అని ట్యాబ్లెట్ల సైజుల పట్టికలు బోలెడు దొరుకుతాయి. నేను వాటి జోలికి పోను. క్రోమ్‌లో ఎఫ్12 నొక్కి, కంట్రోల్ షిఫ్ట్ ఎమ్‌తో ఫోన్ చూపులోకి వెళ్లి, 360 నుంచి మెల్లగా వెడల్పు పెంచుకుంటూ పోతాను. రెండు వరసలు పెట్టి చూస్తే 360లో ఒక్కో కార్డుకి (ఒక పచ్చడి ఫొటో, పేరు, ధర ఉండే గడి) 160 పిక్సెల్స్ మిగలడమే గొప్ప. ‘పండుమిరపకాయపచ్చడి’ అని కలిపి రాశారనుకోండి, బ్రౌజర్ ఖాళీ ఉన్న చోటే తప్ప పదం మధ్యలో లైను విరవదు. పేరు కార్డు దాటి పక్క గోంగూర మీద పడుతుంది. ఓవర్‌ఫ్లో-ర్యాప్ పెడితే విరుగుతుంది గానీ, ‘పచ్చ’ ఒక లైన్లో, ‘డి’ ఇంకో లైన్లో పడితే చూడ్డానికేం బాగుంటుంది? జాబితాలో అన్నిటికంటే పొడుగు పేరు హాయిగా పట్టిన వెడల్పే మీ బ్రేక్‌పాయింట్. ఈ పేజీకి అది 600 దగ్గర తేలింది.

రాయడం తేలికే. ఎట్ మీడియా అని మొదలెట్టి, బ్రాకెట్లలో మిన్-విడ్త్, కోలన్, 37.5 ఈఎమ్, లోపల గ్రిడ్‌కి రెండు కాలమ్స్. ఇక్కడ ఈఎమ్ అంటే బ్రౌజర్ సెట్టింగుల్లోని అక్షరాల సైజు, మామూలుగా 16 పిక్సెల్స్; ఆ లెక్కన 37.5 ఈఎమ్ 600కి సమానం. పిక్సెల్స్ బదులు ఈఎమ్ ఎందుకంటే, చూపు ఆనని పెద్దవాళ్లు బ్రౌజర్ సెట్టింగుల్లో అక్షరాలు 20కి పెంచుకుంటే క్వెరీ తనంతట తనే 750కి జరుగుతుంది. మీరు హెచ్‌టీఎమ్ఎల్ మీద రాసిన ఫాంట్-సైజుని మాత్రం క్వెరీ పట్టించుకోదు. విలువలకి పేర్లు పెట్టుకునే సీఎస్ఎస్ వేరియబుల్స్ కూడా అక్కడ పనిచేయవు.

ఇంకా పెద్ద తెరకి మూడు వరసల క్వెరీ కూడా రాస్తే, దాన్ని ఎప్పుడూ రెండు వరసలదానికి కింద రాయాలి. రెండూ పట్టే వెడల్పులో చివర ఉన్నదే నెగ్గుతుంది.

చివరగా ఫోన్‌ని అడ్డంగా తిప్పి చూడండి. వెడల్పు 600 దాటుతుంది కాబట్టి రెండు వరసలొస్తాయి, బాగానే ఉంటుంది. 360 వెడల్పు ఫోన్లో ఇప్పుడు ఎత్తు మాత్రం 360కి లోపే, పైన అంటుకుని ఉండే హెడర్ అందులో సగం మింగేస్తుంది. దానికి మ్యాక్స్-హైట్ 450 పిక్సెల్స్‌తో ఇంకో క్వెరీ రాసి, హెడర్ పొజిషన్‌ని స్టాటిక్ చేసేస్తాను, అప్పుడది అంటుకుని ఉండకుండా పేజీతో పాటే జరిగిపోతుంది.