48 వోల్టుల నుంచి 5 వోల్టులు తీసే ముందు జాగ్రత్తలు

తిరుపతిలో ఈ-ఆటోకి జీపీఎస్, ఫోన్ ఛార్జర్ పెట్టుకునేవాళ్లు వైరు ముట్టుకునే ముందు ఇవి చూసుకోండి. చేతికి ఉంగరం, కడియం ఉంటే తీసేయండి.

పేరుకి 48 వోల్టులే. నాలుగు లెడ్ యాసిడ్ బ్యాటరీలు ఛార్జింగ్‌లో ఉంటే 57 దాకా ఎక్కుతుంది. వోల్టేజీ తగ్గించే మామూలు ఎల్‌ఎం2596 బోర్డు 40 దాటితే తట్టుకోదు. నేను అదే పెట్టాను. చిటుక్కుమంది, ఒకటే కాలిన వాసన. బోర్డు మాడితే బ్యాటరీ వోల్టేజీ నేరుగా ఫోన్‌లోకి పోవచ్చు, అదీ అసలు భయం. ఇన్‌పుట్ కనీసం 72 వోల్టులని రాసి ఉన్నదే కొనండి.

అవుట్‌పుట్‌కి ఏమీ తగిలించకుండా మల్టీమీటరు పెట్టండి. బోర్డు మీద వోల్టేజీ సరిచేసే చిన్న ఇత్తడి స్క్రూని చాలా చుట్లు తిప్పితే గానీ అంకె కదలదు, ఓపిక పట్టండి. 5.1 దాటనివ్వకండి.

ప్లస్, మైనస్ రెండుసార్లు చూడండి. ఫ్యూజు బ్యాటరీ ప్లస్ పక్కనే ఉండాలి.

నాలుగింట్లో ఒక్కదాని నుంచి 12 వోల్టులు లాగొద్దు. అదొక్కటే ముందు దిగిపోయి, మొత్తం సెట్టు పాడవుతుంది.

మే నెల ఎండలకి బోర్డు ఇంకా కాగుతుంది. సీటు కింద గుడ్డల మధ్య దూర్చకండి, గాలి ఆడేచోట బిగించండి.