అమ్మానాన్నలకు వినపడని ఇంట్లో పిల్లాడు మొండికేస్తే

మా అమ్మానాన్నలిద్దరికీ వినపడదు. ఆరో తరగతిలో టీచర్ అమ్మను పిలిపించి, "మీ అమ్మాయి లెక్కల్లో బాగా వెనకబడింది, క్లాసులో ఒకటే కబుర్లు" అంది. దాన్ని సైగల్లో అమ్మకి చెప్పాల్సింది నేనే. "బాగా చదువుతున్నానట" అని చెప్పేశాను. అమ్మ సంబరంగా టీచర్‌కి దండం పెట్టింది.

ఇప్పుడు నేను ఫ్యామిలీ కౌన్సెలర్‌ని. మీరూ కౌన్సెలర్లయితే, ఇలాంటి కుటుంబం మీ దగ్గరికి వస్తే ముందు చూడాల్సింది మధ్యలో మాటలు చేరవేస్తున్నది ఎవరా అని. పిల్లాడే అయితే ఆ పని వెంటనే మాన్పించండి. మాటల్ని సైగల్లోకి, సైగల్ని మాటల్లోకి మార్చి చెప్పే ఇంటర్‌ప్రెటర్‌ని పిలవండి. ఢిల్లీలో 2015లో పెట్టిన ఇండియన్ సైన్ లాంగ్వేజ్ కేంద్రం ఇందుకోసం కోర్సులు నడుపుతోంది. అయితే మన ఇళ్లలో చాలామందివి సొంత సైగలు. అందుకే సెషన్‌కి ముందు ఇంటర్‌ప్రెటర్‌ని ఆ తల్లితో ఓ అరగంట కూర్చోనివ్వండి. తర్వాత ఇంటర్‌ప్రెటర్‌ని మీ పక్కనే, తల్లిదండ్రులకు ఎదురుగా కూర్చోబెట్టండి. ఇంటర్‌ప్రెటర్ వెనక కిటికీ ఉండకూడదు, వెలుతురుకి చేతులు కనపడవు.

మొండికేసే పిల్లాడికి మాట వినడం నేర్పడానికి ఒక్క అలవాటునే పట్టుకోండి. చెప్పులు సర్దడం అనుకుందాం. తల్లి దగ్గరికెళ్లి భుజం తట్టాలి, పిల్లాడు చూశాకే ఒక్క సైగ చెయ్యాలి, ఐదు సెకన్లు ఆగాలి. ఇక్కడే అసలు తంటా: వాడు కళ్లు మూసుకుంటాడు! గొంతయితే వెంటపడుతుంది, సైగ వెంటపడదు. (నేనూ చేశానులెండి.) గడ్డం పట్టి తిప్పితే అది కుస్తీ అయిపోతుంది. లైటు ఒకసారి వేసి ఆర్పి, ఊరుకోవాలి. వాడు తిరిగి చూసిన క్షణమే రెండు చేతులూ పైకెత్తి ఆడించాలి. సైగల్లో చప్పట్లంటే అవే.

అరుపుల్ని పట్టించుకోవద్దని ఈ తల్లికి సలహా ఇస్తే లాభం లేదు, అవి ఆమెకి ఎలాగూ వినపడవు. చూపు తిప్పుకోవడమే పట్టించుకోకపోవడం. కానీ ఆ ఇంట్లో చూపు తిప్పుకోవడమంటే మాట్లాడటం మానేసినట్టే, పిల్లాడికి పెద్ద శిక్ష. అందుకే అర నిమిషం దాటనివ్వను, వాడు తగ్గగానే తల్లి మళ్లీ వాడివైపు చూడాలి.

వినే తల్లులకైతే చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టి, పిల్లాడితో ఏం చెయ్యాలో పక్క గదిలోంచి చెబుతాం. ఇక్కడ పిల్లాడి వెనక నిలబడి తల్లికి సైగ చేస్తే సరిపోతుంది.

స్కూలుకీ ముందే చెప్పి ఉంచండి, మీటింగ్‌కి ఇంటర్‌ప్రెటర్ వస్తారని. ఆ కాసేపూ పిల్లాణ్ణి గ్రౌండ్‌లో ఆడుకోనివ్వమనండి.