బాదం, కొబ్బరి పిండి పాన్‌కేక్ విరిగిపోతోందా? ఇంకో గుడ్డు కొట్టే ముందు ఇవి చూడండి

మైదా, గోధుమ లేకుండా, కార్బ్స్ తక్కువగా పాన్‌కేక్ వేద్దామని మిక్స్ కలిపారు. తిరగేయబోతే ముక్కలైంది. వెంటనే అందరూ ఇంకో గుడ్డు కొడతారు, లేదా గుప్పెడు పిండి వేస్తారు. స్టవ్ వైపు మాత్రం ఎవరూ చూడరు.

పైన మాడుతోంది, లోపల పచ్చిగా ఉంది

మంట ఎక్కువైంది, అంతే. నీళ్లు చిలకరిస్తే చుయ్యిమనే దోసె పెనం దీనికి పనికిరాదు. బాదం పిండి తొందరగా రంగు మారుతుంది, ఈలోగా లోపలి గుడ్డు గట్టిపడదు. గోధుమ, మైదా పిండిని సాగేలా పట్టి ఉంచే ప్రోటీన్ గ్లూటెన్. అది లేనిచోట పట్టి ఉంచేది ఆ గుడ్డే. సెగ తగ్గించి మూత పెట్టండి. అరచేయి కన్నా చిన్నగా వేయండి, గరిటెతో దోసెలా తిప్పకండి. మైదా పాన్‌కేక్‌లా పైన బుడగలు వస్తాయని కాచుకోవద్దు, సరిగా రావు. అంచుల్లో తడి మెరుపు పోయి, అట్లకాడ కిందికి సాఫీగా దూరితే తిరగేయొచ్చు.

సెగ సరిగ్గానే ఉంది, అయినా రవ్వరవ్వగా రాలిపోతోంది, పెనం మీద నూనె తేలుతోంది

నాకు ఎక్కువ తలనొప్పి తెచ్చింది ఇదే. రెసిపీలో కొబ్బరి పిండి అని ఉంటుంది, ఇంట్లో కొబ్బరి పొడి ఉంటుంది. రెండూ తెల్లగానే ఉంటాయి, వాసనా ఒకటే. లడ్డూల్లో వేసే పొడి అంటే ఎండబెట్టిన కొబ్బరి కోరు, అందులో సగానికి పైగా కొవ్వే. పిండి అలా కాదు. కొబ్బరి పాలో నూనో తీసేశాక మిగిలిన పిప్పిని ఎండబెట్టి మెత్తగా ఆడించినది. దాన్నిండా పీచే కాబట్టి నీళ్లు విపరీతంగా పీలుస్తుంది. పొడి అంతగా పీల్చదు, పైగా వేడికి నూనె వదులుతుంది.

అనుమానం ఉంటే ఒక చెంచా పిండిలో మూడు చెంచాల నీళ్లు పోసి 10 నిమిషాలు వదిలేయండి. అసలు పిండైతే ఉప్మాలా ముద్దవుతుంది. పొడైతే నీళ్లు తెల్లబడి పక్కన నిలుస్తాయి, పలుకులు పంటికింద కరకరలాడతాయి. ప్యాకెట్ వెనక 100 గ్రాములకు కొవ్వు 60 గ్రాముల దాకా ఉంటే అది పొడే. మిక్సీలో ఎంత తిప్పినా పొడి పిండి కాదు, నూనె వదిలి అంటుకుపోతుంది. ఇంట్లోనే కావాలంటే పాలు తీసిన పిప్పిని తడి లేకుండా ఆరబెట్టి, మిక్సీ పట్టి, జల్లించండి.

పొడితో ఇప్పటికే కలిపేశారా? బాదం పిండి, ఒక గుడ్డు, చెంచా ఇసబ్గోల్ వేసి కాసేపు ఉంచి చిన్న చిన్నగా వేయండి. చాలావరకు నిలబడుతుంది.

అసలు పిండి వాడేవాళ్లకు ఇంకో చిక్కు. కలిపినప్పుడు జారుగా కనిపిస్తుంది, తొందరపడి ఇంకాస్త పిండి వేస్తారు, పది నిమిషాలకు గట్టిపడి గొంతు దిగదు. పావు కప్పు కొబ్బరి పిండికి 3 గుడ్లు, పావు కప్పు పాలు పోసి నానాకే చూడండి. కప్పు బాదం పిండి బదులు పావు కప్పే సరిపోతుంది.

తిన్నాక షుగర్ పెరుగుతోంది

గ్లూటెన్ ఫ్రీ అంటే కార్బ్స్ లేవని కాదు. మన బియ్యప్పిండి అట్టులోనూ గ్లూటెన్ లేదు మరి! మిక్స్ ప్యాకెట్ వెనక మొదటి మూడు పేర్లలో బియ్యప్పిండి, టాపియోకా (కర్రపెండలం పిండి), బంగాళాదుంప స్టార్చ్ ఉంటే అది మీకు కావలసిన మిక్స్ కాదు.

సీలియాక్ (గ్లూటెన్ తింటే పేగు దెబ్బతినే జబ్బు) ఉన్నవాళ్లయితే చపాతీ పెనం, గోధుమపిండి జల్లెడ వాడకండి. కారం రకం వేస్తే ఇంగువ డబ్బా కూడా చదవండి. పొడి ఇంగువలో గోధుమపిండి కలపడం మామూలే.

మిగతావి అరుదు. పొంగకపోతే బేకింగ్ పౌడర్ పాతదై ఉంటుంది, వేడినీళ్లలో వేస్తే బుసబుసమనాలి. పొద్దుతిరుగుడు గింజల పిండి వాడితే సోడాతో కలిసి లోపల ఆకుపచ్చ రంగు తిరగొచ్చు. అది బూజు కాదు, తినేయొచ్చు.